జిన్నింగ్ కూలీకి సెలవు జీతం ఏదీ?

ఉద్యోగికి సీఎల్, ఈఎల్ ఉన్నయి. చిలకలూరిపేటలో పత్తి దుమ్ము మింగే జిన్నింగ్ కూలీకి ఏమున్నయి? సీజన్ అయిపోతే ‘రేపట్నించి రావద్దు’ అంటే సరిపోతదా?

1948 ఫ్యాక్టరీల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేస్తేనే సెలవు అన్నది. 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన కోడ్ దాన్ని 180కి దించింది. సీజన్ కూలీకి అదీ అందని ద్రాక్షే! కానీ పనిలోంచి తీసేస్తే, గడువు నిండకున్నా 20 రోజులకో రోజు వేతనం కట్టాలన్నది పాత చట్టం, కొత్త కోడ్ రెండూ చెప్పిన మాట. 120 రోజులకు 6 రోజుల కూలి. ఇది దయ కాదు, బాకీ!

మన కొట్లాట పాలకులతోనే, ఆంధ్ర కూలీతో కాదు. 2014లో రాష్ట్రం వేరుపడ్డా వరంగల్, ఆదిలాబాద్ కూలీకీ ఇదే హక్కు. ఉద్యోగులారా, విద్యార్థులారా! మిల్లు గేటు కాడికి పోదాం. హాజరు పట్టీ అడుగుదాం, బాకీ కక్కిద్దాం!