కాలేజీకొక మేళం కావాలి

పాలకొల్లులో ఒక ఇల్లు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయిస్తారు. ఇంట్లో మాండలిన్ కూడా ఒకటుంది. కొడుకు అయిదారేళ్ల వయసులో దాన్ని చేతికి తీసుకుని ఇక వదల్లేదు. అది చూసి తండ్రి, కుర్రవాణ్ణి తన గురువు రుద్రరాజు సుబ్బరాజు దగ్గర కూర్చోబెట్టారు. చిక్కల్లా ఒకటే, సుబ్బరాజుకు మాండలిన్ రాదు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్రం ఆయన విద్య. అందుకని గురువు పాడేవారు, శిష్యుడు ఆ పాటను తీగ మీద వెతుక్కునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొమ్మిదేళ్ల వయసులో తొలి కచేరీ చేశాడు. వాద్యమే ఇంటిపేరయిపోయిన మాండలిన్ శ్రీనివాస్ కథ అలా మొదలైంది.

పాలకొల్లు నుంచి నరసాపురం అరగంట దూరం. వాద్యం పట్టిన పిల్లలు ఈ చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు. అందరూ శ్రీనివాస్‌లు కారు, కానక్కర్లేదు కూడా. పదో తరగతి దాకా కీబోర్డో, తబలానో, వేణువో, వయొలినో నేర్చుకుంటారు. ఇంటర్లో పుస్తకాలు నెత్తికెక్కుతాయి. డిగ్రీకో ఇంజినీరింగుకో వచ్చేసరికి వాద్యం అటకెక్కుతుంది. మళ్లీ దాన్ని దించే సందర్భం కాలేజీలో రాదు.

ఏ ఊళ్లోనైనా సరే, కాలేజీ వార్షికోత్సవానికి వెళ్లి చూడండి. ప్రార్థన గీతానికి నలుగురు అమ్మాయిలు మైకు ముందు నిలబడతారు, వెనక సెల్‌ఫోన్లోంచి ట్రాకు వస్తుంది. నాట్యానికి పెన్ డ్రైవు. ముఖ్య అతిథి వేదికెక్కేటప్పుడు డీజే కుర్రాడు వేసే హోరు. ఎదురుగా కూర్చున్న వందలాది మందిలో వాద్యం వాయించగలిగినవాళ్లు ఎంతమందో ఎవరూ లెక్కపెట్టలేదు. సోలో పోటీ ఒకటి పెట్టి, ఒకరికి కప్పు ఇచ్చి పంపేస్తారు. పదిమంది కలిసి ఒక్క పాట వాయించిన దాఖలా వెతికితే దొరకడం కష్టం.

ఈ కరపత్రం కోరేది పెద్ద విషయం కాదు. నరసాపురంలోని కాలేజీల్లో విద్యార్థుల వాద్య బృందం ఒకటి ఏర్పడాలి. దానికి ఒక గది, వారానికి నాలుగు గంటలు, ఒక గురువు, మార్కుల జాబితాలో ఒక చోటు కావాలి. సంగీతమే చదువుగా ఎంచుకునేవారికి వేరే దారులున్నాయి. విజయనగరం మహారాజా వారి సంగీత కళాశాల 1919 నుంచీ ఉంది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ నేర్పి 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. విజయవాడలో ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. ఇక్కడ మాట్లాడేది బీకాం చదువుతూ తబలా వాయించే కుర్రాడి గురించి, కంప్యూటర్ సైన్సు చదువుతూ వీణ మీద దుమ్ము దులపడం మానేసిన అమ్మాయి గురించి.

నరసాపురంలో వాద్యాలకు కొదవ లేదు. ఆదివారం పొద్దున ఏ చర్చి ముందు నుంచి వెళ్లినా కీబోర్డు, గిటారు, తబలా, ప్యాడ్లు వినిపిస్తాయి. 1830లలో మిషనరీలు అడుగుపెట్టిన ఊరు ఇది. ఆరాధనలో వాయించే కుర్రాళ్లు ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే అన్నయ్య పక్కన నిలబడి నేర్చుకున్నవాళ్లు. గుడి ఉత్సవానికి సన్నాయి, డోలు. పెళ్లికి బ్యాండు మేళం. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం చూడ్డానికి పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవు దాటే జనానికి డప్పుల మోత ఎంత దూరం నుంచి వినిపిస్తుందో చెప్పక్కర్లేదు. సామగ్రి అంతా ఊళ్లోనే ఉంది. ఎవరి పాట వారిది, ఎవరి వీధి వారిది. వీళ్లందరి పిల్లలూ పక్కపక్కన కూర్చునే చోటు ఊళ్లో ఒక్కటే, కాలేజీ తరగతి గది.

కలిపి కూర్చోబెడితే మొదటి రోజే రాగానికి ముందు భాషతో తగువు వస్తుంది. చర్చి కీబోర్డు కుర్రాడు సి మేజర్, ఏ మైనర్ అంటాడు. వీణ అమ్మాయి సరిగమలు తప్ప ఒప్పుకోదు. సన్నాయి మేళంలో పుట్టి పెరిగినవాడు రెండున్నర శ్రుతి అంటాడు. ముగ్గురూ చెప్పేది ఒకే సంగతి అని ఎవరో ఒకరు నల్లబల్ల మీద రాసి చూపించాలి. సి అంటే ఒకటో శ్రుతి, డి అంటే రెండు, డి షార్ప్ అంటే రెండున్నర, జి అంటే అయిదు. సి మేజర్ స్కేలులో తెల్ల మెట్లన్నీ వరసగా నొక్కితే శంకరాభరణం స్వరాలు. వాటిలోంచి ఎఫ్, బి తీసేస్తే మోహన. ఇంతే. గంటలో తేలిపోయే ఈ సంగతి తెలియక, ఒకే ఊళ్లో రెండు రకాల వాద్యగాళ్లు జీవితాంతం ఒకరినొకరు వేరే లోకం మనుషులనుకుంటారు.

తర్వాత శ్రుతి కలపాలి. ఇక్కడో తమాషా ఉంది. సన్నాయి చెక్కినప్పుడే దాని శ్రుతి ఖాయమైపోతుంది, దాన్ని పెద్దగా జరపలేరు. వయొలిన్ బిరడా తిప్పుకోవచ్చు. వేణువుకు ఇంకో వేణువు తెచ్చుకోవచ్చు. గిటారుకు మూడో మెట్టు మీద కేపో బిగిస్తే చాలు. కీబోర్డుకు ట్రాన్స్‌పోజ్ బటన్ మూడుసార్లు నొక్కితే ఒకటో శ్రుతి రెండున్నర అవుతుంది. అంటే బృందంలో అందరూ సన్నాయికి అనుగుణంగా సర్దుకోవాలి. పెళ్లి పందిట్లో ఓ మూలన కూర్చోబెట్టే వాద్యం ఇక్కడ మిగతా అందరి శ్రుతినీ నిర్ణయిస్తుంది.

మూలన కూర్చోబెట్టే మాట వచ్చింది కాబట్టి దాన్ని దాటేయకూడదు. డప్పు ఒక కులానిదని, సన్నాయి ఒక కులానిదని, వీణ ఇంకో కులానిదని ఊరు గీసిన గీతలు అందరికీ తెలుసు. గట్టిమేళం లేకపోతే తాళి కట్టే ముహూర్తం సాగదు. ఆ మేళం వాయించినవాడి కొడుకు మాత్రం కాలేజీలో తండ్రి పని పైకి చెప్పుకోవడానికి జంకుతాడు. క్రికెట్ జట్టులో ఆ జంకు చాలావరకు పోయింది. వాద్య బృందంలోనూ పోతుంది, డప్పుకు వయొలిన్ పక్కనే కుర్చీ వేస్తే. ప్రదర్శన చివర్లో సందడి కోసం డప్పును పిలిచి రెండు నిమిషాలు కొట్టించి పంపే పద్ధతి అయితే ఈ బృందం వద్దు.

ఏం వాయించాలి అన్న ప్రశ్నకు రెండు వందల ఏళ్ల కిందటే జవాబు తయారుగా ఉంది. ముత్తుస్వామి దీక్షితులు ఆంగ్లేయుల బ్యాండు బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు చేశారు. దాదాపు 40 దొరుకుతున్నాయి. అన్నీ శంకరాభరణం స్వరాలే, గమకాల బరువు లేదు, నడక సూటిగా ఉంటుంది. చర్చి గిటారు, గుడి సన్నాయి, ఇంట్లో వీణ ఏ రాజీ లేకుండా ఒకచోట కలవడానికి ఇంతకంటే అనువైన పాటలు లేవు. వయొలిన్‌ను కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన బాలుస్వామి దీక్షితులు ఈయన తమ్ముడే. మాండలిన్ కూడా బయటి నుంచి వచ్చిందే. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంట తీగలు వదిలేసి అయిదు ఒంటి తీగలు కట్టి, గమకం పలికించాడు. వాద్యం ఎక్కణ్ణుంచి వచ్చిందన్న పట్టింపు ఈ డెల్టాలో ఏనాడూ గట్టిగా లేదు.

కర్ణాటక సంగీతం ఒంటరి కచేరీ సంగీతమనీ, బృందవాద్యం దానికి పడదనీ అనేవారుంటారు. వారికి ద్రాక్షారామం ఈమని శంకరశాస్త్రి పేరు గుర్తు చేయాలి. ఆకాశవాణి 1952లో ఢిల్లీలో జాతీయ వాద్యవృందాన్ని పెట్టింది. రవిశంకర్, టి.కె. జయరామ అయ్యర్ తొలి సంచాలకులు. తర్వాతి కాలంలో ఆ బృందాన్ని నడిపి, దాని కోసం రచనలు చేసినవారిలో గోదావరి ఒడ్డు వీణ విద్వాంసుడు శంకరశాస్త్రి ఉన్నారు. చిట్టిబాబుకు గురువు ఆయనే. ఒంటరి కచేరీలో అంత ఎత్తు చూసిన మనిషి, నలుగురిని కలిపి వాయించడం తక్కువ పని అనుకోలేదు.

గురువు దొరకడం కష్టమన్నది రెండో అభ్యంతరం. ఇన్ని వాద్యాలకు ఇంతమంది మాస్టర్లను ఎక్కడ తెస్తారు? సుబ్బరాజు గారి పద్ధతే దీనికీ దారి చూపిస్తుంది. స్వరం తప్పకుండా పాడగలిగిన ఒక్కరు చాలు. ఆయన పాడతారు, ఎవరి వాద్యం మీద వారు పట్టుకుంటారు. వేలు ఎక్కడ పెట్టాలో ఆ వాద్యం తెలిసిన సీనియరు చూపిస్తాడు. అలాంటి గురువుకు పీజీ పట్టా ఉండాలన్న నిబంధన ఇప్పుడు అడ్డం కాదు. స్థానిక కళాకారులను ఉన్నత విద్యాసంస్థల్లోకి తీసుకోవడానికి యూజీసీ 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో చూసేది కళాకారుడి అనుభవం. ముప్పయ్యేళ్లు సన్నాయి ఊదిన పెద్దాయన, పద్యనాటకాలకు హార్మోనియం పట్టిన మేష్టారు, బ్యాండు మేళం నడిపిన మాస్టరు ఆ లెక్కన కాలేజీ గేటు లోపలికి గురువులుగా రావచ్చు.

ఇక మార్కుల మాట. అది లేనిదే తల్లిదండ్రులు ఒప్పుకోరు, వాళ్లను తప్పుపట్టనూ కూడదు. ప్రాక్టికల్ పనికి సెమిస్టరులో 30 గంటలకు ఒక క్రెడిట్ ఇచ్చే పద్ధతి ఇప్పటికే అమల్లో ఉంది. వారానికి నాలుగు గంటల చొప్పున 15 వారాలు అంటే 60 గంటలు, రెండు క్రెడిట్లు. నరసాపురంలో 1949లో పుట్టిన శ్రీ వై.ఎన్. కళాశాల ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కిందిదే అయినా స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థ. పాఠ్యాంశాలు నిర్ణయించుకోవడానికి తన బోర్డ్ ఆఫ్ స్టడీస్, తన అకడమిక్ కౌన్సిల్ ఉన్నాయి. అక్కడ ఒక తీర్మానంతో పని జరుగుతుంది. ఈ కాలేజీలోనే బీకాం చదివిన చిరంజీవి ఎన్‌సీసీ క్యాడెట్‌గా ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో నడిచారు. ఎన్‌సీసీకి యూనిఫాం, క్యాంపు, సర్టిఫికెట్టు, పైకి వెళ్లే మెట్లు ఉన్నాయి కనుక పిల్లలు వెళ్తున్నారు. వాద్యానికీ ఆ మెట్లు ఉన్నాయి. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఏటా జరిపే యువజనోత్సవాల్లో ఫోక్ ఆర్కెస్ట్రా అని ప్రత్యేకంగా ఒక పోటీ ఉంది. గరగలకు, వీరనాట్యానికి, డప్పుకు పేరున్న జిల్లాల నుంచి ఆ పోటీకి బృందం వెళ్లకపోతే, ఆ ఖాళీ కళాకారులు లేక వచ్చింది కాదు.

మూడేళ్లకు పిల్లలు వెళ్లిపోతారు, బృందం చెదిరిపోతుంది అన్న సందేహం మాత్రం గట్టిదే. హార్వర్డ్‌లో 1808లో కొందరు విద్యార్థులు సొంతంగా ఒక సంగీత బృందం పెట్టుకున్నారు. 1832 నాటికి అందులో మిగిలింది ఒక్కడే. అతను తలుపు మూయకుండా, సభ్యుడు ఒక్కడే అయినా సమావేశాలు జరిపి, ఇంకొకణ్ణి చేర్చాడు. ఇప్పటి హార్వర్డ్-రాడ్‌క్లిఫ్ ఆర్కెస్ట్రా ఆ పాత బృందానికే వారసురాలు. నరసాపురంలో ఆ ఒక్కడు మిగలాలంటే వాద్యాలు విద్యార్థులవి కాకుండా కాలేజీవి కావాలి, కనీసం కొన్ని. ఒక కీబోర్డు, ఒక తబలా జత, ఒక మృదంగం, రెండు డప్పులు, నాలుగైదు వేణువులు, ఒక శ్రుతి పెట్టె. మిగతావి ఇళ్ల నుంచి వస్తాయి.

వీటిని దాచే బీరువా గురించి ఒక మాట, ఎందుకంటే ఇలాంటి ప్రయత్నాలు చాలావరకు బీరువాలోనే చనిపోతాయి. సముద్రం దగ్గర ఊరు, గాలిలో తేమ, ఉప్పు. ఇనప తీగలు తుప్పు పడతాయి. వానాకాలంలో మూతల చర్మం వదులై తబలా, మృదంగం మాట వినవు. మృదంగం ఎడమ మూతకు పెట్టిన రవ్వ ముద్దను వాయించగానే గీకి తీసెయ్యకపోతే బూజు పడుతుంది. డప్పును వాయించే ముందు మంట మీద కాచుకోవాలి, కాబట్టి అభ్యాసం గది పక్కన చిన్న ఖాళీ స్థలం కావాలి. ఈ పనులకు బాధ్యుడుగా ఒక విద్యార్థి పేరు గోడ మీద రాసి ఉండాలి.

రిహార్సల్ ఎలా సాగాలో నేర్చుకోవడానికి నరసాపురం ఆడవాళ్ల చేతుల్లోనే ఒక పద్ధతి ఉంది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన లేసు పని చూడండి. ఒక పెద్ద టేబుల్ క్లాత్‌కు పువ్వులు ఒక్కొక్కరూ తమ ఇంటి అరుగు మీద కూర్చుని అల్లుతారు. తర్వాత అన్నీ ఒక చోటికి చేరి అతుకు పడతాయి. కొలత ముందే ఒప్పుకున్నది కనుక అంచులు కలుస్తాయి. బృందంలోనూ మంగళవారం రెండు గంటలు తీగ వాద్యాలు ఒక మూల, ఊదేవి ఒక మూల, చర్మ వాద్యాలు బయట. శనివారం రెండు గంటలు అందరూ కలిసి. ఇంట్లో చేసుకు రావలసిన ముక్క ఎంతో ముందే తేలాలి, తాళం వేగం ఎంతో కూడా.

ఈ పట్టణంలో ఫిషరీస్ విశ్వవిద్యాలయానికి 2022 నవంబరు 21న శంకుస్థాపన జరిగింది. కొత్త విశ్వవిద్యాలయం అంటే ల్యాబులు, హాస్టళ్లు, చెరువులు. ఆ ప్లాన్లలో గోడలు మందంగా, కిటికీలు గట్టిగా మూసుకునే ఒక గది కూడా గీస్తే ఖర్చు లెక్కలోకి రాదు. కట్టిన తర్వాత అడిగితే మాత్రం మెట్ల కింద స్టోరు చూపిస్తారు.

కాలేజీలు తెరిచే నెలలో ప్రవేశాల కౌంటరు దగ్గర ఒక్క కాగితం ఉంచితే పని మొదలవుతుంది. పేరు, గ్రూపు, ఏ వాద్యం వచ్చు, ఇంట్లో ఏ వాద్యం ఉంది, ఏ శ్రుతి. ఆ కాగితాలు సర్ది పాతికమందిని పిలవాలి. మోహనలో ఒక గీతం, ఒక నొట్టుస్వరం, డప్పు నడకలో ఒక గోదావరి జానపదం, మొత్తం మూడు పాటలు. మొదటి ప్రదర్శన హాలులో వద్దు. జనవరి 26 పొద్దున జెండా ఎగిరాక నాలుగు నిమిషాలు చాలు, ఆరుబయట, మైకు లేకుండా. సన్నాయి ఉంది కాబట్టి గేటు దాకా వినిపిస్తుంది.