మేనమామ కెమెరా

మా మేనకోడలు బరువులెత్తుతుంది. ఆడపిల్లకు బరువులేమిటని మా విజయనగరంలో ఇప్పుడెవరూ ముక్కున వేలేసుకోరు లెండి. పక్కనే ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో రెండెత్తులూ కలిపి 240 కిలోలెత్తి, ఒలింపిక్ కంచు పతకం తెచ్చింది గదా!

పోటీని చిత్రం తీసే పని నాకు పడింది. తెలుగు పంతులికి గాజుబిళ్ళల సంగతేం తెలుసు? పెద్ద జూమ్ లెన్సు కొని, హాలు చివర వరసలో కూర్చుని, పిల్లను దగ్గరికి లాగాను. ఇంటికొచ్చి చూస్తే అంతా చీకటి, చీకట్లో నలుసులు!

"ఫరవాలేదు మావయ్యా, మళ్ళీ ఎత్తుతాను" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

తెలిసినాయన గుట్టు విప్పాడు. చవక జూమ్ దూరాన్ని లాగినకొద్దీ దాని కన్ను సన్నబడుతుందట. ఎఫ్ 5.6 కంటె ఎఫ్ 2.8 కన్ను నాలుగింతల వెలుతురు తీసుకుంటుంది. ఎంత లాగినా ఎఫ్ 2.8 తగ్గని జూములున్నాయి గాని, వాటి ఖరీదు నా జీతానికి అందదు. అయినా బరువులెత్తే మనిషి నాలుగు మీటర్ల చదరం దాటదు. ఆమె వెంట పరుగెత్తే జూమ్ దేనికి?

ఈసారి జూమ్ లేని 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సుతో ముందు వరసలో కూర్చున్నాను. సెకండుకు 100 సార్లు మినుకుమనే దీపాల చారలు పడకుండా షట్టరు 50వ వంతు మీద పెట్టాను. చిత్రం అద్దంలా వచ్చింది. బరువు మాత్రం మోకాళ్ళు దాటలేదు.

చెరిపెయ్యమంటుందనుకున్నాను.

"ఉంచు మావయ్యా, తప్పెక్కడ చేశానో చూసుకోవాలి" అంది.