అసలు అక్కడే ఉంటే దొంగతనం కాదా?

మన హాస్టల్లో ట్రంకుపెట్టెకు తాళం వేయనివాళ్లు లేరు. ఈ-మెయిల్ పాస్‌వర్డ్ మాత్రం గదిలో నలుగురికీ తెలుసు! ఇంకా విడుదల కాని కంప్యూటర్ గేమ్ కోడ్‌ను ఎవరో కాపీ చేస్తే దొంగతనమెలా అవుతుంది, అసలు అక్కడే ఉంది కదా అని కొందరు మిత్రులు వాదిస్తున్నారు. మేము ఒప్పుకోము. పరీక్షకు ముందు ప్రశ్నపత్రం బయటకొచ్చినా అసలు కాగితం బీరువాలోనే ఉంటుంది. పోయేది పరీక్ష.

అమెరికాలోని వాల్వ్ సంస్థ 1999లో ‘హాఫ్-లైఫ్ 2’ గేమ్ పని మొదలుపెట్టింది. 2003 అక్టోబరులో, విడుదలకు ముందే, దాని సోర్స్ కోడ్ ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమైంది. సోర్స్ కోడ్ అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత. డబ్బు పెట్టి గేమ్ కొన్నవారికి కూడా అది ఇవ్వరు. అది చేతికి చిక్కితే ఆటలో మోసాలకు దారులు వెతకడం తేలిక. చివరకు గేమ్ 2004 నవంబరులో వచ్చింది. (ఆలస్యమంతా దొంగ పుణ్యమే అనలేం. పని అప్పటికి పూర్తికాలేదన్న సంగతీ ఆ కోడ్‌తోనే బయటపడింది.)

చొరబడినవాడు ఆ గేమంటే ప్రాణమిచ్చే జర్మనీ కుర్రాడు. పాస్‌వర్డే లేని ఒక ఖాతా దొరికిందని తర్వాత అతడే చెప్పాడు. కోడ్‌ను నెట్‌లో పెట్టింది తాను కాదట, నమ్మి ఒకరికి ఇచ్చాడట! తర్వాత సంస్థ అధిపతి గేబ్ న్యూయెల్‌కు క్షమాపణ రాస్తూ ఉద్యోగం అడిగాడు. వాళ్లు ఇంటర్వ్యూ పేరుతో అమెరికాకు రప్పించి పట్టిద్దామనుకున్నారు. ఈలోగా, 2004 మేలో, జర్మనీ పోలీసులే అరెస్టు చేశారు. 2006లో కోర్టు రెండేళ్ల ప్రొబేషన్ విధించింది.

అంత తెలివి అలా పాడైనందుకు మాకూ జాలి కలిగింది. కానీ తలుపు తీసి ఉంది గనుక స్టోర్ రూములోకి వెళ్లానంటే మన వార్డెన్ గారు ఊరుకుంటారా? తలుపు తీసిపెట్టిన సంస్థదీ తప్పే. ఎవరి పనికి ఎంత కోడ్ అవసరమో అంతే చూపించాలి. మానేసినవారి ఖాతా ఆ రోజే మూసేయాలి. పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కొచ్చే నంబరు కూడా అడగాలి.

వార్షికోత్సవానికి వచ్చిన సాఫ్ట్‌వేర్ అన్నలను “ఏం ప్రాజెక్టు అన్నా?” అని అడిగితే నవ్వి ఊరుకుంటారు. గర్వమనుకునేవాళ్లం.

వార్డెన్ గారికి ఒక మనవి: కంప్యూటర్ గదిలో మానిటర్‌కు అంటించిన పాస్‌వర్డ్ చీటీ తీయించి, ఒక్కొక్కరికీ వేరే లాగిన్ ఇప్పించగలరు.