మట్టి సైనికుల రంగులు

చైనాలో షియాన్ నగర సమీపాన 1974లో రైతులు బావి త్రవ్వుతుండగా, చిన్ షి హువాంగ్ చక్రవర్తి సమాధికి కాపుగా నిలిపిన మట్టిసైన్యం బయల్పడింది. నిలువెత్తు బొమ్మలవి. మొండెం బోలుగా మలచి, తల విడిగా చేసి అమర్చారు. కాల్చిన పిదప చెట్టుపాలతో పూత వేసి, దానిపై ఇంగిలీకపు ఎరుపు, రాగిఖనిజాల ఆకుపచ్చ, నీలి వన్నెలు దిద్దారు. భూగర్భంలో దాదాపు 2,200 ఏండ్లు దాగిన ఆ వర్ణాలు, పొడిగాలి సోకిన కొద్ది నిమిషాలకే పూతతోపాటు పెచ్చులై చాలావరకు రాలిపోయాయి. నేడు చూపరులకు దక్కేది బూడిదవన్నె మట్టే! పూతను తడియారకుండా నిలిపే రసాయనవిధానం తరువాత వచ్చింది. కాని అది మిక్కిలి నిదానమైన పని. మట్టిలో మిగిలిన వేలాది యోధులను ఆ నిదానంతోనే వెలికితీయాలి; సందర్శకుల తొందరను లెక్కచేయరాదు. రంగుపోయిన బొమ్మలకు మళ్ళీ రంగులద్దాలనే కోరిక సహజమే. దానికి నకలు బొమ్మలు చాలు.