కుర్చీ పంచితే హక్కు ఇచ్చినట్టా?

మెడ నిలవని, మాట రాని, చూపు కూడా సరిగా లేని బిడ్డకు ఏం కావాలి? ఏజెన్సీలో అధికారుల దగ్గర ఒకటే జవాబు: చక్రాల కుర్చీ. శిబిరం పెట్టి, అందరికీ ఒకే సైజు ఇచ్చి, ఫోటో దిగి పోతారు. డోలీ తప్ప ఏదీ పోలేని కొండదారిలో అది ఎక్కడ తిరుగుద్ది?

తలనీ నడుమునీ పట్టి ఉంచే కుర్చీ కావాలి. ఆ బిడ్డ కొలతకే చెయ్యాలి. లేకపోతే వెన్ను వంకరపోద్ది, పుండ్లు పడతాయి, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. మాట రానోళ్లకి బొమ్మల పలక ఉంటే ఆకలో, నొప్పో వేలితోనో చూపుతోనో చెబుతారు. కరెంటు అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. కానీ ఆ పలక మీద మన అంబలి ఉండాలి, పక్కనున్నోళ్లు కోయలోనో కువిలోనో పలకాలి.

ఇది దయ కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో బహుళ వైకల్యం ఉంది, మన గూడేల్ని పీడించే సికిల్ సెల్ కూడా ఉంది. ఎక్కువ సాయం అవసరమైనవాళ్లు దరఖాస్తు పెట్టుకునే హక్కు 38వ సెక్షన్‌లో ఉంది. ఏ గ్రామసభలో చెప్పారు ఈ సంగతి?

మనమూ ‘వాడికేం తెలుసు’ అనడం మానాలి. మాట లేకపోతే తెలివి లేనట్టు కాదు.

మిత్రులారా, గ్రామసభలో తీర్మానం చేయండి: ఇంటికొచ్చి కొలత తీయాలి, బిడ్డ ఎదిగే కొద్దీ మార్చాలి, రిపేరు ఐటీడీఏ దగ్గరే జరగాలి. జల్, జంగల్, జమీన్‌లో ఈ బిడ్డలకీ వాటా ఉంది.

జోహార్!