వెండితెర మీద విజయము – గుండెలో మానని గాయము



ఈ నెల సినిమాలను గూర్చి కొంత మాట్లాడుకొందాము. "సంఘ పత్రికలో సినిమా ఊసెందుకు?" అని పెద్దలు అడుగవచ్చు. మనము మాట్లాడకపోయినా మన పిల్లలు చూస్తూనే ఉన్నారు. ఒకప్పుడు సినిమా కావాలంటే పక్క ఊరి టూరింగ్ టాకీసుకు నడిచి వెళ్లేవారు. ఇప్పుడు పొలము గట్టు మీద కూర్చున్న కుర్రవాని చేతిలోని ఫోనులోనికే యుద్ధము వచ్చి చేరింది. కనుక యుద్ధమంటే ఏమిటో వారికి ఎవరు, ఎలా నేర్పుతున్నారో కనిపెట్టి చూడవలసిన బాధ్యత తల్లిదండ్రులమైన మనది.

1997లో 'బోర్డర్' వచ్చింది. 2015లో క్రిష్ దర్శకత్వములో 'కంచె' వచ్చింది. 2017లో విశాఖ సముద్రపు కథతో 'ఘాజీ', 2024లో 'రజాకార్' వచ్చాయి. వీటన్నిటినీ ఒకే గాటన కట్టలేము. ఊరిలోని కులపు కంచెను, దేశాల నడుమ యుద్ధమును పక్కపక్కన నిలిపి చూపించిన 'కంచె'ను మేము మెచ్చుకొంటాము. అయితే యుద్ధపు సినిమాలలో చాలా వాటికి ఒక అచ్చు ఉంది. శత్రువు ఎవరో మొదటి పావుగంటలోనే తెలిసిపోతుంది. తుపాకి పేలిన ప్రతిసారీ వాద్యములు మ్రోగుతాయి. మన వీరుడు కాల్చినవాడికి తల్లి ఉండదు, ఊరు ఉండదు, పేరు కూడా ఉండదు. రెండున్నర గంటలలో జెండా ఎగురుతుంది, దీపాలు వెలుగుతాయి, జనము లేచి ఇంటికి వెళ్తారు.

యుద్ధము చేసినవాడు మాత్రము అలా లేచి వెళ్లిపోలేడు. వాని కథ అక్కడే మొదలవుతుంది.

దీనికి సాక్ష్యము వెదకడానికి దూరదేశములకు పోనక్కరలేదు. హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు దాటి, చాంద్రాయణగుట్ట మీదుగా దక్షిణానికి వెళ్తే బార్కస్ అనే పేట వస్తుంది. అక్కడి జామపండ్లు, హరీస్ నగరమంతటా ప్రసిద్ధి. 'బ్యారక్స్' అన్న ఇంగ్లీషు మాటే జనుల నోట బార్కస్ అయింది. నిజాము ప్రభువు కొలువులో సిపాయిలుగా పనిచేయడానికి యెమెను దేశపు హద్రమౌతు ప్రాంతమునుండి వచ్చిన అరబ్బుల సంతతివారు అక్కడ స్థిరపడ్డారు. తరతరాలుగా వారి బ్రతుకుతెరువు ఆయుధమే.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యము హైదరాబాదు సంస్థానములో ప్రవేశించింది. 17న నిజాము కాల్పుల విరమణ ప్రకటించాడు. మరునాడు నిజాము సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ చౌధురి ఎదుట లొంగిపోయాడు. అయిదారు రోజులలో అంతా ముగిసింది. టాంకులతో జరిగిన ఆ పనికి 'పోలీసు చర్య' అని పేరు పెట్టారు. ఆ తరువాత నిజాము సైన్యము రద్దయింది. అరబ్బులలో ఎందరో నిర్బంధింపబడ్డారు, కొందరిని దేశము దాటించారు. మిగిలినవారు తుపాకి వదిలి వేరే పనులు వెదుక్కొన్నారు.

అంతకు ముందు రజాకార్లు చేసిన ఘోరములు కల్పితములు కావు. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లి గ్రామస్థులను కాల్చి చంపారు. ఆ నెలలోనే రజాకార్లను ఎదిరించి వ్రాసిన 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నడివీధిలో హత్య చేశారు. ఆ గ్రామములు సైన్యము రాకను విడుదలగా తలంచి సంతోషించాయంటే అందులో తప్పేమీ లేదు.

అయితే సైన్యము వచ్చుటతో, జెండా ఎగురుటతో ముగిసే కథలు ఆ తరువాతి వారములను గూర్చి చెప్పవు. మరఠ్వాడా, కన్నడ, తెలుగు జిల్లాలలో అమాయకులైన ముస్లిములపై ప్రతీకారము సాగింది. ఆ సంగతి తెలిసికొని రమ్మని ప్రధాని నెహ్రూ ప్రభుత్వము పండిత సుందర్‌లాల్ నాయకత్వములో ఒక బృందమును పంపింది. 27 వేలనుండి 40 వేలమంది వరకు మరణించి ఉంటారని ఆ బృందము అంచనా వేసింది. అంకెల విషయములో నేటికీ భేదాభిప్రాయములు ఉన్నాయి. జనరల్ చౌధురి నిష్పక్షపాతమును ఆ నివేదిక మెచ్చుకొంది. కొన్ని చోట్ల యూనిఫారము ధరించినవారు దోపిడిని ప్రోత్సహించారనీ, హత్యలలో పాలుపంచుకొన్నారనీ కూడా వ్రాసింది. తోటి ముస్లిము నేతగాండ్రను కాపాడడానికి నిలబడిన హిందూ నేతగాండ్రనూ అది మరువలేదు. ఆ నివేదిక మాత్రము దశాబ్దాల తరబడి వెలుగు చూడలేదు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ దినములలో ఆయుధము పట్టినవారు వేలకు వేలు. వారిలో హుకుము ప్రకారము కాల్చినవారున్నారు. కళ్లెదుట అన్యాయము జరుగుతుంటే ఆపలేకపోయినవారున్నారు. నాయకుని మాట నమ్మి, ఆ నాయకుడే చేతులెత్తేయగా నడిరోడ్డున మిగిలినవారున్నారు. వారంతా ఇండ్లకు వెళ్లారు, పెండ్లిండ్లు చేసికొన్నారు, పిల్లలను పెంచారు. తాము చూచినదానిని, చేసినదానిని ఎవరితో చెప్పుకొని ఉంటారు? దేశమే తన నివేదికను బీరువాలో పెట్టి తాళము వేసినప్పుడు సిపాయి తన గుండెకు తాళము వేసికొనడా?

ఈ బాధకు వైద్యులు ఒక పేరు పెట్టారు. అమెరికాలో వియత్నాం యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులకు చికిత్స చేసిన జోనాథన్ షే అనే మనోవైద్యుడు 1994లో ఒక పుస్తకము వ్రాశాడు. ఈ సైనికులను పీడించేది భయమొక్కటే కాదనీ, 'ధర్మమైనది' అని తాము నమ్మినదానికి ద్రోహము జరిగిందన్న వేదన కూడా అనీ ఆయన గ్రహించాడు. దీనిని నైతిక గాయము అంటున్నారు. భయము వలన కలిగిన గాయము "నాకు మళ్లీ ఏమవుతుందో" అని వణుకుతుంది. ఈ గాయము "నేను ఎటువంటివాడనైపోయాను" అని కుములుతుంది. నిద్ర పట్టదు, కోపము ఆగదు, మద్యము అలవాటవుతుంది. మనుమరాలు మెడ చుట్టూ చేతులు వేస్తే పక్కకు తప్పుకొంటాడు, తన చేతులు ఆ బిడ్డను తాకడానికి తగవన్నట్లు.

పూర్వులకు ఇది తెలుసు. యుద్ధమునుండి వచ్చినవారు ఏడు దినములు పాళెము బయట ఉండి శుద్ధి చేసికొనవలెనను నియమము సంఖ్యాకాండము 31వ అధ్యాయములో ఉంది. గెలిచినవారికే ఆ నియమము! యుద్ధములలో విస్తారముగా రక్తము చిందించిన కారణమున దావీదుకు మందిరము కట్టే భాగ్యము దక్కలేదు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించారు. కొన్నేండ్లకు వారి సొంత బిషప్పులే ఆ విజేతలకు ప్రాయశ్చిత్తము విధించారు. చంపిన ఒక్కొక్క మనిషికి ఒక సంవత్సరము. ఎందరిని చంపాడో లెక్క తెలియనివాడు బ్రతికినన్నాళ్లూ వారానికొక దినము. నేటి మనకు ఇది వింతగా తోచవచ్చు. కాని ఆ సంఘము తన సైనికునితో "నీ భారము మాకు తెలుసు, దానిని దించుకొనే దారి ఉంది" అని చెప్పింది. మనమేమో పూలదండ వేసి, ఫోటో తీసి, ఇంటికి పంపుతున్నాము.

మన పల్లెలలో మిలిటరీ కుటుంబములు తక్కువ కాదు. పశ్చిమ గోదావరిలో మాధవరమును మిలిటరీ మాధవరమనే పిలుస్తారు. శ్రీలంకలో, కాశ్మీరులో, కార్గిలులో పనిచేసి వచ్చినవారు మన ఆరాధనలలో మన పక్కనే కూర్చొంటున్నారు. వారి ఇంటివారికి, సంఘ పెద్దలకు కొన్ని మాటలు మనవి చేస్తున్నాము.

"ఎందరిని చంపావు తాతా?" అని పిల్లలు సరదాగా అడుగకుండా చూడండి. ఆ ప్రశ్న సినిమా నేర్పిన ప్రశ్న.

ఆయన మాట్లాడితే వినండి. "నీ డ్యూటీ నీవు చేశావు, మరచిపో" అని తొందరపడి మూత వేయకండి. "ప్రభువు క్షమించాడు గదా" అన్న మాట కూడా ఆయన చెప్పుకొన్న తరువాతనే మందు అవుతుంది. చెప్పుకొనక ముందే అంటే అది నోరు మూయించే మాట.

ఆయన చెప్పినది ఆయన అనుమతి లేకుండా సాక్ష్యముగా వేదికనెక్కించకండి. కాపరి చెవిలో పడినది కాపరి వద్దనే ఉండాలి.

నిద్ర లేకపోవుట, తాగుడు, చావును గూర్చిన మాటలు కనిపిస్తే ప్రార్థనతో పాటు వైద్యము కూడా కావాలి. ప్రభుత్వపు టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములోనూ విచారించవచ్చు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఇక పిల్లల మాట. సినిమా చూడవద్దని కసరితే చాటుగా చూస్తారు. పక్కన కూర్చొని చూచి, అయిన తరువాత ఒక్క ప్రశ్న వేయండి: "ఆ పడిపోయినవాని ఇంటిలో ఆ రాత్రి ఏమి జరిగి ఉంటుంది?" మరునాడు ఇంకొకటి: "కాల్చినవాడు ముప్పది ఏండ్ల తరువాత ఎలా ఉండి ఉంటాడు?" జవాబు చెప్పనక్కరలేదు. ప్రశ్న వారిలో ఉండనివ్వండి. శత్రువుకు కూడా ఒక ముఖముంటుందని తెలిసిన బిడ్డ, రేపు ఊరిలో గొడవ రేగినప్పుడు రాయి అందుకొనే ముందు ఒక్క క్షణము ఆగుతాడు.

ఆ ఒక్క క్షణము కొరకే మన ప్రయాస.