సువార్తకు ఆధారమైన లేఖనాలను, చరిత్ర సాక్ష్యాలను బోధించడంపై తీర్మానం

సంఘ కాపరులు, సండే స్కూలు ఉపాధ్యాయులు, స్త్రీల సమాజాల ప్రతినిధులు కూడిన ఈ సభ, సువార్త అంటే జరిగిన సంగతికి చూసినవాళ్లు చెప్పిన సాక్ష్యమని, దాన్ని సాక్ష్యంగానే బోధించాలని నమ్ముతూ, ప్రార్థన, చర్చల అనంతరం ఈ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయమే మన బోధకు పునాది అని సభ మరోసారి ప్రకటిస్తోంది. క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడని, సమాధి అయ్యాడని, మూడో రోజున లేచాడని, కేఫాకు, పన్నెండుమందికి, ఐదువందలకు పైగా సహోదరులకు, యాకోబుకు కనిపించాడని పౌలు అక్కడ రాశాడు. అది తన సొంత మాట కాదని, తనకు అందినదే అప్పగించానని కూడా చెప్పాడు. ఆ పత్రిక క్రీ.శ. 55 ప్రాంతంలో ఎఫెసులో రాసినది. అప్పటికి సిలువ జరిగి సుమారు పాతికేళ్లు. ఆ పత్రిక రాయడానికి చాలా ముందే పౌలు యెరూషలేములో కేఫా దగ్గర 15 రోజులున్నాడు, ప్రభువు సహోదరుడైన యాకోబును కలిశాడు. ఆ ఐదువందల మందిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని పౌలు రాశాడంటే, కావాలంటే వాళ్లనే అడగండి అన్నట్టే. ఇక ఖాళీ సమాధిని మొదట చూసినవారు స్త్రీలని నాలుగు సువార్తలూ చెబుతాయి. స్త్రీల సాక్ష్యానికి విలువ తక్కువైన ఆ రోజుల్లో, కల్పించి రాసేవారెవరూ ఆ మాట రాసుకోరు.

యెషయా గ్రంథపు చుట్ట ఒకటి 1947లో కుమ్రాను గుహల్లో బయటపడింది. అది క్రీస్తుకు వందేళ్లకు పైగా ముందు రాసినది. మనం క్రీస్తును గురించిన ప్రవచనంగా చదివే, శ్రమపడే సేవకుణ్ణి గురించిన 53వ అధ్యాయం అందులో ఉంది. యూదులు ఆ అధ్యాయాన్ని మరోలా అర్థం చేసుకుంటారు. వారిని కించపరిచే బోధ ఈ సభకు సమ్మతం కాదు.

సిలువ విషయంలో బయటివారి సాక్ష్యమూ ఉంది. క్రైస్తవులంటే గిట్టని రోమన్ చరిత్రకారుడు టాసిటస్, తిబెరి కైసరు కాలంలో పిలాతు చేతుల్లో క్రీస్తు మరణశిక్ష పొందాడని రాశాడు. పిలాతు పేరున్న రాతి శాసనం 1961లో కైసరయలో దొరికింది. అయితే ఏ శాసనమూ పునరుత్థానాన్ని రుజువు చేయదు. అది చూసినవారి మాట మీద ఆనుకొని విశ్వాసంతో స్వీకరించేదని బోధకులు దాపరికం లేకుండా చెప్పాలి.

కనుక, వచ్చే శ్రమ దినాల నుంచి ప్రతి సంఘంలో, ప్రతి సండే స్కూల్లో ఈ విషయాలను క్రమంగా బోధించాలని సభ తీర్మానిస్తోంది. "ఫలానాది కనుగొన్నారు" అంటూ ఫోన్లలో తిరిగే ఆధారం లేని వార్తలేవీ ప్రసంగ పీఠం ఎక్కకూడదు. యూదు చరిత్రకారుడు జోసెఫస్ రచనలో యేసును గురించిన పేరాలో తర్వాతివారు చేర్చిన మాటలున్నాయని పండితులు ఎక్కువమంది అంటారు కాబట్టి, దాన్ని యథాతథంగా రుజువుగా చూపకూడదు. అదే గ్రంథంలో యేసు సహోదరుడు యాకోబు మరణాన్ని గురించిన మాట ఇంతకన్నా గట్టిది. మార్కు 16వ అధ్యాయంలో 9వ వచనం నుంచి చివరి వరకు ఉన్న భాగం సీనాయి, వాటికన్ ప్రాచీన ప్రతుల్లో లేదని యౌవనస్థులు అడిగినప్పుడు, వారిని గద్దించకుండా ఉన్నది ఉన్నట్టు వివరించాలి.

ఈ తీర్మానాన్ని వచ్చే ఆదివారం ఆరాధనలో చదివి వినిపించాలని, ప్రశ్నలున్న ప్రతి విశ్వాసికీ ఆరాధన తర్వాత సమయం ఇవ్వాలని కాపరులందరినీ సభ కోరుతోంది.